గేరుబాక్సుకు కాంబినేషన్

సోమవారం నాటికి దేవేంద్ర వేసుకున్న పథకంలో పైకి ఏ లోపమూ కనిపించదు. పొద్దు పొడవగానే నల్లమాడలో ఇల్లు కదలాలి, ఎండ ముదరకముందే పుట్టపర్తి చేరాలి, తొమ్మిదింటికి భార్య వనజాక్షి డయాలసిస్ మంచం మీద ఉండాలి. దారిలో కారు ఒక్కసారి కూడా కుదపకూడదు. ఈ చివరి అంశం కోసమే అతను అందరికంటే ముందు లేచి, వాకిట్లో ప్లాస్టిక్ బకెట్టు ముందేసుకుని కూర్చున్నాడు.

వనజాక్షి కిడ్నీలు రెండూ పని మానేసి నాలుగేళ్లయింది. వారానికి మూడుసార్లు యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోకపోతే ఒంట్లో నీరు చేరి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కి, మనిషి ఉన్నచోటనే మునిగిపోతుంది. వాన మొహం చూడని ఊళ్లో పుట్టి నీళ్లలో మునిగి చావడమేమిటని ఆమె తనమీద తనే నవ్వుకునేది. యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. సమయానికి రానివాళ్ల వంతు బయట బల్లమీద కాచుకున్నవాళ్లకు పోతుంది. బల్లమీద ఉన్నవాళ్లకూ చావాలని లేదు కాబట్టి ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

దేవేంద్రది నల్లమాడలో పురుగుమందుల అంగడి. బోరు వేయిస్తున్నప్పుడు ఇనప పైపు మీద పడి ఎడమ మోకాలు చితికినప్పటినుంచి అతను క్లచ్ తొక్కలేడు. అందుకే బెంగళూరు వెళ్లి పాత ఆటోమేటిక్ కారు కొనుక్కొచ్చాడు. గేర్లు తనంతట తనే మార్చుకునే బండి ఆ చుట్టుపక్కల అదొక్కటే. వెనకద్దం మీద ‘వనజాక్షి పురుగుమందుల అంగడి, నల్లమాడ’ అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. మొదటి ఏడాది కారు బుద్ధిగానే గేర్లు మార్చింది. ఆ తర్వాత రెండో గేరు నుంచి మూడుకు వెళ్లేటప్పుడల్లా వెనకనుంచి ఎవరో కాలితో తన్నినట్టు కుదపడం మొదలుపెట్టింది. ఆ కుదుపుకు వనజాక్షికి కడుపులో తిప్పి వాంతులయ్యేవి. ఆమె పల్లెత్తు మాట అనేది కాదు. అననందుకే దేవేంద్రకు మరీ బాధగా ఉండేది.

అనంతపురంలో మెకానిక్కు చూసి, "గేరుబాక్సు విప్పాలన్నా, బండి కొన్ని దినాలు ఈడ ఇడ్సిపెట్టు" అన్నాడు.

"ఇడ్సిపెడితే నా పెండ్లాన్ని దేంట్లో తీసకపోవాల?"

"అయితే దినాలు నెట్టుకురా. ఒకటి చెప్తాండా, ఆ ఆయిల్లో పైనుంచి ఏమీ కలపొద్దు."

దేవేంద్రకు ఈ ఆఖరిమాట రుచించలేదు. పైనుంచి ఏదో ఒకటి కలపకుండా లోకంలో ఏదీ బాగుపడదని అతని నమ్మకం. ఆ నమ్మకం మీదే అతని అంగడి నిలబడింది. వేరుశెనగ ఆకు చేతపట్టుకుని వచ్చిన రైతుకు ఒక్క డబ్బా ఇచ్చి పంపితే ఇద్దరికీ చిన్నతనం. పురుగుకు ఒకటి, తెగులుకు ఒకటి, ఆకు నల్లగా నిగనిగలాడడానికి టానిక్కు ఒకటి, ఇవన్నీ ఆకుకు పట్టుకోవడానికి జిగురు ఒకటి. అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టాలి. దీని పేరు కాంబినేషన్. పురుగు చస్తే కాంబినేషన్ గొప్ప, చావకపోతే రైతు కొట్టిన వేళ మంచిది కాదు.

కాబట్టి ఫోనులో వెతికి, గేరు ఆయిల్లో కలిపే ద్రావకం సీసా ఒకటి తెప్పించి పోశాడు. నిజం చెప్పాలంటే కుదుపు కొంచెం తగ్గింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఒక్కదానికే ఇంత గుణం కనబడితే మూడు రకాలు కలిపితే ఎంత ఉంటుందని లెక్కేసుకుని, మూడు కంపెనీల సీసాలు తెప్పించాడు. వాటినే ఇప్పుడు బకెట్లో పోసి వేపపుల్లతో కలుపుతున్నాడు.

వనజాక్షి గడపలో కూర్చుని చూసింది. "కారుకేమన్నా గొంగళిపురుగు పట్టిందా?"

"గేరు మెత్తగా పడేదానికి ఒకటి, లోపల రబ్బర్లు గట్టిపడకుండా ఒకటి, వణుకు తగ్గేదానికి ఒకటి. నీకు తెలీదులే."

"మెకానిక్కు వద్దనె గదా."

"విప్పి దుడ్లు తీసుకోవాలని ఉంటాది ఆయప్పకు. నువ్వు టిఫిను తిను పో."

"ఎంత పోస్తావు?"

"పట్టినంత" అన్నాడు దేవేంద్ర.

ఆ మాటకు ఆమె అతని మొహంవంక చూసింది. ఎందుకంటే ఆమెకు రోజుకు ఎన్ని నీళ్లు పోయాలో డాక్టరు చెప్పిన నాటినుంచీ ఈ మనిషే కొలత మూత తెచ్చి, కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, గీతకు పైన చుక్క ఉంటే పారబోసి ఇస్తున్నాడు. వేసవిలో ఆమె నాలుక పిడచగట్టి ఏడ్చినా ఆ గీత దాటలేదు. ఇస్తూ తానూ ఏడ్చేవాడు, కానీ దాటేవాడు కాదు. ఆ చెయ్యే ఇప్పుడు గరాటు పెట్టి బకెట్టు బకెట్టంతా గేరుబాక్సులోకి వంచేసింది. ఆయిల్ కొలిచే కడ్డీ మీద గీత ఎప్పుడు మునిగిపోయిందో అతను చూడనేలేదు.

ఖాళీ సీసాల విషయంలో మాత్రం దేవేంద్ర మహా నిష్ఠాపరుడు. ఖాళీ డబ్బాలు ఇంటిదగ్గర పడేయకండి, పిల్లలూ మేకలూ ముట్టుకుంటాయని రైతులకు రోజూ చెప్పేవాడు. అందుకని మూడు సీసాలనూ ఊరు దాటాక పారేద్దామని కారు వెనకసీటు ముందు, వనజాక్షి కాళ్ల దగ్గర పెట్టాడు.

మొదటి కొంతదూరం కారు వెన్నమీద పోయినట్టు పోయింది. రెండులోంచి మూడుకు ఎప్పుడు మారిందో తెలియలేదు. అటూ ఇటూ వాడుమొహం పట్టిన వేరుశెనగ చేలు, నీళ్లు రాని బోర్ల మీద బోర్లించిన రాళ్లు వెనక్కి పోతున్నాయి. దేవేంద్ర అద్దంలోంచి వెనక్కి చూశాడు. వనజాక్షి సీటుమీద ఒరిగి నిద్రపోతోంది. దారిలో ఆమె నిద్రపోవడం అతను చూసి ఎన్ని నెలలైందో. అతని గుండె నిండిపోయింది. ఎదురుగా వస్తున్న లారీవాడికి కూడా కారణం లేకుండా చెయ్యి ఊపాడు.

బస్సులు ఆగే రోడ్ల కూడలి, అందరూ క్రాసు అనేది, ఇంకా కనుచూపుమేరలో ఉండగానే ఇంజను ఒక్కసారి గీపెట్టింది. కారు మాత్రం ముందుకు పోలేదు. దేవేంద్ర ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంజను ఇంకా గట్టిగా అరిచింది, కారు ఇంకా నెమ్మదైంది. హద్దుమీరి పోసిన ఆయిల్ లోపల చిలికినట్టు నురగలు కట్టి, గేరుబాక్సు ఊపిరి గొట్టంలోంచి పొంగి, కాలుతున్న సైలెన్సరు మీద పడింది. కారు చుట్టూ తెల్లటి పొగ లేచింది. ఎలాగో ఈడ్చుకుంటూ క్రాసులోని బజ్జీల కొట్టు ముందుకు వచ్చి ఆగిపోయింది. కిందనుంచి ఎర్రటి ఆయిల్ బొట్లు బొట్లుగా మట్టిమీద పడుతోంది.

పొగ వాసనకు వనజాక్షి లేచింది. లేవడంతోనే తలుపు తెరిచి, బయటికి వంగి వాంతి చేసుకుంది. తలుపుతోపాటు ఒక ఖాళీ సీసా కూడా కిందికి దొర్లింది.

బజ్జీల కొట్టు మారెక్కది. ఆమె చేతిలో జల్లిగరిటె అలాగే ఉండిపోయింది. తెల్లగా పాలిపోయిన ఆడమనిషి, వాంతి, కాళ్ల దగ్గర ఖాళీ సీసాలు, కారు వెనకద్దం మీద పురుగుమందుల అంగడి. ఆ నేలమీద ఈ నాలుగూ ఒకచోట కనబడితే ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. మారెక్క భర్త మూడో బోరూ పడనినాడు చేనిగట్టున పురుగుమందు సీసా ఎత్తాడు. ఏం చేయాలో ఎవరికీ తోచక నిలబడి చూస్తుండగా పోయాడు. అప్పటినుంచీ ఆమె కొట్టులో కక్కించడానికని ఉప్పు డబ్బా, సబ్బు ముక్క చేతికందేచోట పెట్టుకుంటోంది.

"మందు తాగినాది, రండప్పా" అని ఒక్క కేక వేసి ఆమె పరుగెత్తుకొచ్చింది. బజ్జీలు తింటున్నవాళ్లు, బస్సుకోసం నిలబడ్డవాళ్లు అంతా వచ్చారు. ఒకరు 108కు, ఇంకొకరు పోలీసులకు ఫోను చేశారు.

"మందు కాదక్కా, కారు ఆయిలు" అన్నాడు దేవేంద్ర.

"కారు ఆయిలు తాగినాదా?"

"తాగలే. నేను కారుకు పోసినా."

"కారుకు పోస్తే సీసాలు ఆయమ్మ కాళ్లకాడ యాల ఉండాయి?"

పారేయడానికి అన్నాడు దేవేంద్ర. ఊరుదాటి పారేయడానికి తెచ్చుకున్నానని వివరంగా కూడా చెప్పాడు. నిజం చెప్పినకొద్దీ జనం అతనికి మరికాస్త దగ్గరగా జరిగారు.

మారెక్క ఈలోపు చెంబునిండా ఉప్పునీళ్లు కలిపి తెచ్చింది. దేవేంద్ర ఆ చెంబువంక చూశాడు. ఉప్పు, నీళ్లు. డాక్టరు ఆ రెండింటికీ భయపడమన్నాడు. ఆ రెండూ ఒకే చెంబులో వస్తున్నాయి. ఎదురెళ్లి చెంబును ఒక్క తోపు తోశాడు. నీళ్లన్నీ మట్టిపాలయ్యాయి.

"అవి తాగితే సచ్చిపోతాదక్కా ఆమె."

"తాగకపోతేనే సస్తాది. కక్కియ్యల్ల."

"ఆమెకు నీళ్లు పోయకూడదు. నేనే పోయను. కొలిచి ఇస్తా, అంతే."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "కట్టుకున్నదానికి నీళ్లు కొలిచి ఇస్తాడంట" అన్నాడొకడు. ఇద్దరు వచ్చి దేవేంద్ర రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నారు.

వనజాక్షి మాట్లాడబోయింది. వాంతికి గొంతు పూడుకుపోయి మాట రాలేదు. నోరు పుక్కిలించమని మారెక్క ఇంకో చెంబుతో మంచినీళ్లు ఇచ్చింది. కుండలోని చల్లటి నీళ్లు. వనజాక్షి చెంబు పట్టుకుంది. ఒకసారి దేవేంద్రవంక చూసింది. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు, కళ్లతో బతిమాలుతున్నాడు, రెక్కలు మాత్రం వెనక ఉన్నాయి. ఆమె చెంబెత్తి గుటక గుటకగా, ఎక్కడా ఆగకుండా, అడుగు కనబడేదాకా తాగింది. నాలుగేళ్ల దాహం. తాగి, మూతి తుడుచుకుని, కళ్లు మూసుకుంది. అంత సుఖంగా ఉన్న మొహం దేవేంద్ర పెళ్లినాడు కూడా చూడలేదు.

"వనజా, ఎంత పని చేసినావే" అని అతను ఏడ్చాడు.

"చూడు, నీళ్లు తాగినాదని ఏడుస్తాండాడు" అని జనం నిర్ధారించుకున్నారు.

108 వచ్చింది. వనజాక్షిని ఎక్కించారు, తోడుగా మారెక్క ఎక్కింది. దేవేంద్ర పెనుగులాడుతూ, "యంత్రం మీద రక్తం కడగాలప్పా ఆమెకు, తొమ్మిదింటికి" అన్నాడు.

"ముందు కడుపు కడుగుతారు. తర్వాత ఏం కడగాల్నో వాండ్లు చూసుకుంటారు" అన్నాడు రెక్క పట్టుకున్నతను. తలుపులు మూసుకున్నాయి.

బండి దుమ్ము లేపుకుంటూ పోయాక, మోటారుసైకిలు మీద హెడ్ కానిస్టేబుల్ గోవిందప్ప వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. చెట్టులేని ఆ క్రాసులో నీడకోసం వెతికి, చివరికి దేవేంద్ర కారు నీడలోనే నిలబడ్డాడు. కింద ఎర్రటి మడుగు చూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"రక్తమా?"

"ఆయిలు సార్. గేరుబాక్సుది."

గోవిందప్ప వేలు ముంచి వాసన చూసి, కాసేపు ఆలోచించి, డిక్కీ తెరిపించాడు. అందులో స్టెప్నీ తప్ప ఏమీ లేకపోవడం అతనికి కొంత నిరాశ కలిగించింది. తర్వాత సీసాలు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇంగ్లీషులో ఉండాదే."

"పళ్లచక్రం బొమ్మ ఉండాది చూడండి సార్. బండికి వాడేది."

"బొమ్మదేముందప్పా. నీ అంగట్లో డబ్బాల మీద పువ్వుల బొమ్మలు ఉండవా?"

వనజాక్షి ఫోను కారులోనే ఉంది. ఆమె బతికి ఉందో లేదో, ఏ మంచం మీద పడేశారో, ముక్కులోంచి గొట్టం దూర్చి ఇంకెన్ని నీళ్లు పోస్తున్నారో తెలుసుకునే దారి లేదు. అతను కారు చక్రానికి ఆనుకుని ఆ ఎర్రటి మడుగు పక్కనే కూలబడ్డాడు. ఆమె లేని ఇల్లు కళ్లముందు కనబడింది. పొద్దున్నే ఎవరికీ నీళ్లు కొలవక్కర్లేని ఇల్లు. అతనికి బతుకంటే భయం వేసింది, చావంటే కాదు. కానిస్టేబుల్ ముందు, బజ్జీలు తినేవాళ్ల ముందు సిగ్గుపడకుండా ఏడ్చాడు.

అక్కడ 108లో జరిగింది వేరు. లోపలి ఉద్యోగి కడుపు కడిగే సరంజామా సర్దుతూ నాడికోసం వనజాక్షి ఎడమచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. డయాలసిస్ సూదులకోసం నరాలు కలిపి కుట్టిన చెయ్యి అది, లోపల మోటారు తిరుగుతున్నట్టు జుమ్మంటూ ఉంటుంది.

"ఆ చెయ్యి ఇడ్సిపెట్టు నాయనా, సూదులు గుచ్చేది ఆడ్నే" అంది వనజాక్షి. నీళ్లు తాగిన గొంతు, మాట స్పష్టంగా వచ్చింది. "నేనేమీ తాగలే. మా ఆయన కారుకు పోసినాడు. నన్ను యంత్రం కాడికి తీసకపో, బిరీన."

అతను గొట్టం పక్కన పెట్టి, డ్రైవరుతో ఒక మాట చెప్పాడు. సైరను ఆపలేదు. దారినపోయే బస్సులు, లారీలు, పెళ్లిబృందపు జీపులు అన్నీ పక్కకు తప్పుకున్నాయి. తొమ్మిది కొట్టకముందే వనజాక్షి తన మంచం మీద ఉంది. ఎక్కువగా తాగిన చెంబెడు నీళ్లనూ యంత్రం పెద్ద కష్టం లేకుండానే లాగేసింది. మారెక్క పక్కన స్టూలు మీద కూర్చుని, గొట్టాల్లో తిరుగుతున్న రక్తం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత క్రాసులో దేవేంద్రను పట్టుకున్నవాళ్లకు ఫోను చేసింది. వాళ్లు ఫోను గోవిందప్ప చేతికిచ్చారు.

"సార్, ఆయమ్మ బాగుండాది. ఆ మొగోన్ని ఇడ్సిపెట్టండి. నీళ్లు కొలిచేది నిజమేనంట" అంది.

గోవిందప్ప ఫోను తిరిగిచ్చేసి, దేవేంద్రను చెయ్యిపట్టి లేపాడు. "ఏమిటికప్పా అన్ని పోసినావు దాంట్లో?"

"కుదపకుండా పోవాలని సార్."

గోవిందప్ప కారును ఒకసారి ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు. "ఇంక కుదపదులే" అన్నాడు.

సాయంత్రం మొగుడూ పెళ్లాలు అద్దె ఆటోలో ఇల్లు చేరారు. వీధిచివర దిగి వనజాక్షి తన కాళ్లమీద తను నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లింది. దేవేంద్ర ఆమె చెయ్యి వదలలేదు. ఈ దృశ్యాన్ని నల్లమాడలో చూడవలసినవాళ్లంతా చూశారు. క్రాసునుంచి వచ్చిన వార్త వాళ్లకంటే ముందే ఊరు చేరి ఉంది.

మర్నాడు దేవేంద్ర అంగడి తెరవకముందే ఇంటి అరుగుమీద తిప్పయ్య కూర్చుని ఉన్నాడు. ఏళ్లుగా వాడుకగా మందు కొనే రైతు, అప్పు పెట్టనివాడు, ఎదురు మాట్లాడనివాడు. పక్కన సగం వాడిన మందు డబ్బా ఉంది.

"అక్కకు ఎట్లుండాదన్నా?" అన్నాడు ముందు.

"బాగుండాది."

"అదే, జనం చెప్తే నమ్మలే. నిన్న సాయంత్రం నడిచి వస్తాంటే నేనే చూస్తి." తిప్పయ్య డబ్బా ముందుకు జరిపాడు. "ఇది వెనక్కి తీసుకోన్నా."

"ఏమైందప్పా?"

"ఏమీ కాలే. అదే గదా. అక్క మూడు సీసాలు తాగి సాయంత్రానికి నడిచొచ్చినాది. మా చేన్లో గొంగళిపురుగూ అట్లే నడుస్తాండాది. నీళ్లు కలిపిన సరుకన్నా ఇది. నువ్వు మోసం చేసినావని నేను అన్లే, నిన్నూ ఎవరో మోసం చేసినారు."

అప్పటికే వాకిట్లోకి మరో నలుగురు వచ్చారు. చేతుల్లో డబ్బాలున్నాయి. నిన్న దేవేంద్ర హంతకుడు. ఇవాళ పెళ్లాం బతికింది కాబట్టి ఆ పేరు పోయింది, దాని స్థానంలో కల్తీ మందుల వ్యాపారి అయ్యాడు.

"ఆమె తాగలేదప్పా" అన్నాడు దేవేంద్ర.

"తాగకపోతే 108 యాల వచ్చినాది? పోలీసు యాల వచ్చినాడు?"

"నా సరుకు అసలైందే తిప్పయ్యా. నా మందు గనక ఆమె తాగుంటే..."

అక్కడ అతని మాట ఆగిపోయింది. గడపలో వనజాక్షి కూర్చుని ఉంది. చేతిలో పొద్దుటి కొలత నీళ్లున్నాయి, ఒక్కో బొట్టూ నాలుకమీద పెట్టుకుంటూ అతనివైపే చూస్తోంది. వాకిట్లో అందరూ మిగతా మాటకోసం చూస్తున్నారు. ఒక్క మాట. అది అంటే ఇరవయ్యేళ్ల అంగడి పేరు నిలుస్తుంది. దేవేంద్ర నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. ఆమె మొహం చూస్తూ ఆ మాట అతనికి రాలేదు, పక్కకు తిరిగి చూసినా రాలేదు.

"ఆడ పెట్టిపో" అన్నాడు చివరికి. "అందరూ ఆడ పెట్టండి."

డబ్బాలు ఒకటొకటిగా అరుగుమీద చేరాయి. అందరూ వెళ్లాక వనజాక్షి అడిగింది. "చెప్పుంటే పోయేది గదా. అంగడి మునిగిపోతాది ఇప్పుడు."

"ఏం చెప్పల్ల?"

"నేను తాగుంటే సచ్చిపోయేదాన్నని."

"అంగడి పోతే పోనీలే" అన్నాడు దేవేంద్ర, డబ్బాల మూతలు బిగిస్తూ. "అది నా నోట రాదు."

ఆమె కొలత మూత పక్కనపెట్టింది. తర్వాత లేచివచ్చి అతని పక్కన కూర్చుని తనూ మూతలు బిగించడం మొదలుపెట్టింది.

ఆ ఏడు వాన పడలేదు కాబట్టి, మందు కొట్టినవాళ్ల చేలూ వెనక్కిచ్చినవాళ్ల చేలూ ఒకేరోజు ఎండిపోయాయి.